ఎనిమిది కూనల పెట్టె

మా అన్న దశరథం శవానికి స్నానం చేయించినప్పుడు కుడిచేతి వేళ్లు మూడు సాగలేదు. ముప్పై ఏళ్లుగా అవి అరచేతిలోకి ముడుచుకునే ఉన్నాయి. నీళ్లు పోస్తున్న ముసలాయన వాటిని విప్పబోయి వదిలేసి, "మగ్గం గుంజి గుంజి గిట్లయినట్టున్నయ్ పాపం" అన్నాడు. నేను ముసలాయనకు ఇంకో చెంబు నీళ్లు అందించాను. మా వదినె కమలవ్వ మాత్రం తలెత్తి నా వైపు చూసింది. ఆ వేళ్లు విరిగిన పొద్దున నేను ఆయనకు పది అడుగుల దూరంలో, చేతిలో కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాను.

మాది చొప్పదండి. నేతపని వాళ్లం. నిజాం మీద పోలీసు చర్య జరిగిన ఏడు మా బాపు పోయాడు. అన్నకు అప్పుడు పదహారేళ్లు, నాకు పది. ఆయన మగ్గాల కార్ఖానాలో పనికి కుదిరి నన్ను బడికి పంపాడు. ఆ కార్ఖానాలో నలభై మగ్గాలు, వాటి మీద రాయమల్లు అనే పెత్తనందారు. పడుగులో ఒక్క పోగు తెగినా బట్టలో వెంట్రుకంత గీత పడుతుంది. గీత కనబడితే రాయమల్లు ఏమీ అనేవాడు కాదు. నేతగాని చేతిలోంచి పేక నూలు అటూ ఇటూ నడిపే నాడె తీసుకుని, దానితోనే తల వెనక కొట్టేవాడు. నాడెకు రెండు కొసలా ఇనుప మొనలుంటాయి. మా అన్న వెనకతల మీద వెంట్రుకలు మొలవని మచ్చలు మూడు ఉండేవి.

నాలుగో మచ్చ పడకుండా ఆయన ఒక విద్య నేర్చుకున్నాడు. పోగు తెగిన క్షణంలోనే, పెత్తనందారు ఇటు తిరిగేలోపు, ఉమ్మితో తడిపి రెండు కొసలనూ వేళ్ల మధ్య నలిపి అతికేసేవాడు. ముడి ఉండేది కాదు. "అతికిన జాగ దేవునికి సుత కానరావద్దు తమ్మీ" అని నాకు చూపించేవాడు. నేను వెతికినా దొరికేది కాదు.

అరవై ఒకటో సంవత్సరం వానల్లో ఆయన కొడుకు ఇస్తారికి జ్వరం వచ్చింది. వాడికి ఐదేళ్లు. రెండో రోజుకు మెడ బిగుసుకుంది. మూడో రోజు ఫిట్స్ మొదలయ్యాయి. వీపు విల్లులా వెనక్కి వంగి, మడమలూ తలా మాత్రమే చాపకు ఆనేవి. నాలుక కొరుక్కోకుండా వదినె వాడి పళ్ల మధ్య గరిటె కాడ పెట్టింది. వాడు దాన్ని కొరికిన కొరుకుడుకు పాలపళ్లు రెండు విరిగి ఆమె చేతిలో పడ్డాయి. తెల్లవారేసరికి పోయాడు. ఆ వానకాలం మా వాడలోనే ఏడుగురు పిల్లలు అలా పోయారు. దోమకాటుతో వచ్చే మెదడు జ్వరమని తర్వాత తెలిసింది.

పిల్లవాణ్ని మట్టి చేసిన ఐదో రోజున అన్న కార్ఖానాకు పోయాడు. పోగులు తెగుతూనే ఉన్నాయి. రాయమల్లు వచ్చి నాడె కోసం చెయ్యి చాచాడు. అన్న ఇచ్చాడు, కానీ చేతికివ్వలేదు. ఇనుప మొన దవడలో దిగి రాయమల్లు మగ్గం గుంతలో పడ్డాడు. ఆ తర్వాత కరీంనగర్ చుట్టుపక్కల ఏ కార్ఖానాలోనూ మా అన్నను మగ్గం ముట్టనివ్వలేదు.

అప్పటికి నేను ఖానాపూర్ అవతల, అడవి అంచున పెట్టిన ఒక పరిశోధన కేంద్రంలో రిజిస్టరు రాసే గుమాస్తాను. అక్కడ మెదడు జ్వరానికి టీకా తయారుచేస్తున్నారు. ఎలుకల గదికి మనిషి కావాలన్నారు. అన్నను, వదినెను, వాళ్లకు మిగిలిన ఒక్క బిడ్డ బాలలక్ష్మిని తీసుకొచ్చాను.

కేంద్రం పెద్ద డాక్టర్ దేవదాస్ గారు. సన్నటి మనిషి, గొంతు పెంచేవారు కాదు. టీకా సంగతి నాకు ఆయనే చెప్పారు. జ్వరంతో చనిపోయిన రోగి నుంచి తీసిన వైరస్‌ను ఒక కోడిగుడ్డులోంచి ఇంకో గుడ్డులోకి, అందులోంచి మరో గుడ్డులోకి, వందసార్లకు పైగా మార్చి పెంచారు. అలా పెంచితే దాని కసి తగ్గుతుంది. "పాము బతికే ఉండాలి లక్ష్మీరాజం. కోరలు మాత్రం ఉండకూడదు. చచ్చిన పామును చూపిస్తే ఒంటికి భయం ఉండదు, జ్ఞాపకం ఉండదు" అన్నారు. కోరలు నిజంగా ఊడాయా, ఊడినా మళ్లీ మొలుస్తాయా అన్నది తేల్చాలి. తేల్చేది ఎలుక కూనల మీద.

మూడు రోజుల కూనలు. వేలి కణుపంత ఉంటాయి, గులాబీ రంగులో, కళ్లు కూడా తెరవకుండా. ఒక తల్లి దగ్గర ఎనిమిది, అలాంటి పెట్టెలు ఎనిమిది. అరవై నాలుగు తలల్లోకి సూదితో టీకా ఎక్కించి ఇరవై ఒక్క రోజులు చూడాలి. ఏదైనా చస్తే దాని మెదడు తీసి, నూరి, వేరే కూనలకు ఎక్కించాలి. అవి ఇంకా త్వరగా చస్తే కోరలు మొలుస్తున్నట్టు.

ఈ సంగతంతా మా అన్నకు ఎవరూ చెప్పలేదు. ఆయన పని ఊక మార్చడం, నీళ్లు పెట్టడం, కూనలను లెక్కపెట్టడం. ఆయనకు చెప్పిన ఒకే ఒక మాట కంపౌండరు సిద్దిరాములు చెప్పాడు, అదీ చెప్పుతో. పరీక్ష మొదలుకాకముందు, అన్న చేరిన మొదటి నెలలో, ఒక తల్లి ఎలుక తన కూనలను మూడింటిని తినేసింది. మనిషి చెయ్యి వాసన తగిలితే అవి అలా తింటాయి. సిద్దిరాములు పెట్టెలో ఐదు చూశాడు, కాలి చెప్పు తీశాడు.

"ఎనిమిది అప్పజెప్పిన. ఎనిమిది సూపియ్యాలె. మూడు ఏడబోయినయ్ రా, నీ కడుపులకా?"

ఆ సాయంత్రం అన్న బువ్వ ముందు కూర్చుని, వాచిన చెంపతో నవ్వాడు. "తమ్మీ, ఈడ సుత ఒక రాయమల్లు ఉన్నడు."

"మల్ల నాడె ఇసరకు" అంది వదినె.

"ఇసర. గా పని నాకెరికే. తెగితే అతకాలె, గంతే."

ఆ మాట నేను విన్నాను. అన్నం కలుపుకుంటూ విన్నాను.

పరీక్ష మొదలైంది. రిజిస్టరు రాసేవాడు గదిలోకి పోయి ప్రతి పెట్టెనూ తన కళ్లతో చూసి రాయాలని నియమం. ఎలుకల కంపు నాకు పడేది కాదు. గుమ్మం దగ్గర ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడేవాణ్ని. లోపల్నుంచి అన్న పిలిచి చెప్పేవాడు. "ఒకటో పెట్టె ఎనిమిది. రెండో పెట్టె ఎనిమిది." నేను రాసి కింద సంతకం చేసేవాణ్ని. ఇరవై ఒక్క రోజులు అలాగే రాశాను. అరవై నాలుగుకు అరవై నాలుగు. డాక్టరు గారు ఆ పేజీని రెండు చేతులా పట్టుకుని చూసి, ఖానాపూర్ నుంచి పేడాలు తెప్పించి అందరికీ పంచారు. అన్న కూడా ఒకటి తిన్నాడు.

వానలకు ఇంక రెండు వారాలే ఉంది. ముందు తాను వేయించుకుంటానని, తర్వాత మా కేంద్రం పనివాళ్ల పిల్లలకు, ఆ వెంటనే కిందటేడు జ్వరం తగిలిన గూడెం పిల్లలకు వేస్తామని డాక్టరు గారు చెప్పారు. జనాన్ని బలవంతం చేయాల్సిన పని లేకపోయింది. బోథ్ వైపు నుంచి కూడా రాత్రే బయల్దేరి నడిచొచ్చారు. టీకా వేసే రోజు పొద్దున ఎనిమిదింటికి కేంద్రం పక్కనున్న బడి ముందు మైదానంలో వందమందికి పైగా ఉన్నారు. మొదటి వరుసలో అన్న, బాలలక్ష్మి చెయ్యి పట్టుకుని. వాళ్ల పక్కన గంగుబాయి అనే పెద్దామె. కిందటేడు ఇద్దరు మనవలను పోగొట్టుకుని, మిగిలిన మనవరాలిని చంకన వేసుకుని వచ్చింది.

టీకా సీసాలు మంచు పెట్టెలో ఉన్నాయి. డాక్టరు గారు చొక్కా చెయ్యి మడుస్తుంటే, జనానికి ధైర్యం చెప్పడానికి రాసిన కాగితాన్ని నేను చదివాను.

"ఈ మందును అరవై నాలుగు ఎలుక పిల్లల తలల్లోకి ఎక్కించాము. ఇది చెడ్డదైతే అవి చచ్చేవి. ఒక్కటి కూడా చావలేదు. కనుక..."

"ఆగు తమ్మీ."

అన్న గొంతు. నేను ఆగాను.

"అవి సావాలెనని పెట్టిన్రా?" అని అడిగాడు.

"చస్తాయేమో చూడాలని, దశరథం" అన్నారు డాక్టరు గారు. "చావలేదు కదా."

"సచ్చినయ్ సారు."

అన్న చేతులు కట్టుకుని, కార్ఖానాలో తప్పు ఒప్పుకునేటప్పుడు నిలబడినట్టు నిలబడ్డాడు. "సూదేసినంక ఐదారు దినాలకు ఒక్కొక్కటి వంకర పోవుడు వెట్టినయ్. కొన్నిటిని తల్లి తిన్నది. కొన్నిటిని నేనే బొందవెట్టిన. సూదెయ్యని పక్క పెట్టెలల్ల గదే ఈడు కూనలుండె. వాటిని తల్లి ఊకల పొర్లిచ్చి పెట్టిన. అది వాసన జూసి పాలిచ్చింది. తెగిన కాడికి అతికిన సారు. ఎనిమిది సూపియ్యమన్నరని."

"తాగిండు సార్" అన్నాడు సిద్దిరాములు, సూదిలోకి మందు ఎక్కిస్తూ.

"ఎన్ని?" అన్నారు డాక్టరు గారు.

"లెక్క వెట్టలే."

డాక్టరు గారు నా వైపు తిరిగారు. వందమంది నా వైపు తిరిగారు. "లక్ష్మీరాజం, రోజూ నువ్వు లోపలికి వెళ్లి, చూసే రాశావు కదా?"

నా సంతకాలు ఇరవై ఒకటి ఉన్నాయి ఆ పేజీలో.

"చూసే రాశాను సార్" అన్నాను.

అన్న నా ముఖం వైపు చూశాడు. కోపం లేదు. తెగిన పోగును చూసినట్టు చూశాడు.

"తర్వాత మాట్లాడదాం, దశరథం" అన్నారు డాక్టరు గారు. సిద్దిరాములు సూదితో డాక్టరు గారి వైపు అడుగు వేశాడు. బాలలక్ష్మి అప్పటికే తన జాకెట్టు చెయ్యి తానే పైకి లాక్కుని నిలబడింది, ఏడవకుండా.

అన్న మంచు పెట్టెను కాలితో తన్నాడు. మూత ఎగిరి సీసాలు బండల మీద దొర్లాయి. వాటి మీదికి ఎక్కాడు. చెప్పులు లేవు. గాజు పగిలిన ప్రతిసారీ ఆయన మడమ కిందనుంచి ఎర్రటి నీళ్లు చిమ్మాయి. సిద్దిరాములు చేతిలోని సూదిని లాగి పిడికిట్లో విరిచేశాడు.

మొదటి దెబ్బ గంగుబాయిది. మనవరాలిని కింద దించి, మంచు పెట్టె చెక్క మూత ఎత్తి ఆయన ముఖం మీద కొట్టింది. "నా పోరి మందు రా అది" అంది. అరవలేదు, మామూలుగానే అంది. ఆ తర్వాత మగవాళ్లు వచ్చారు. వాళ్లెవరూ దుర్మార్గులు కారు. అందరూ తమ ఇంటి పిల్లలను పూడ్చినవాళ్లే. ముల్లుగర్రలతో కొట్టారు, గొడ్డలి కామలతో కొట్టారు. పడ్డాక కాళ్లతో కొట్టారు. ఆయన కుడి పిడికిలి ఇంకా సూది ముక్కలను పట్టుకునే ఉంది. మందు ఇంకా అందులో ఉందనుకున్నారేమో, విప్పమన్నారు. విప్పలేదు. ఒకడు బడి గోడ దగ్గర్నుంచి బండరాయి తెచ్చి దాని మీద వేశాడు. ఎండిన కట్టె విరిగిన చప్పుడైంది. వదినె వచ్చి ఆయన మీద బోర్లా పడుకుంది. ఆమె వీపు మీద కూడా పడ్డాయి. డాక్టరు గారు మధ్యలోకి దూరారు. ఆయన కళ్లద్దాలు పగిలి కనుబొమ్మ తెగింది.

"నేను సూడలే" అన్నాను నేను. "సూడకుంటనే రాసిన." అప్పటికి ఆ మాట ఎవరికీ అక్కర లేదు.

డాక్టరు గారికి మాత్రం వినబడింది. ఆ మధ్యాహ్నం కనుబొమ్మకు కుట్లు వేయించుకుని, తన గదిలో చిన్న మంచు డబ్బాలో దాచిన అదే టీకా తీసి, పరీక్ష మళ్లీ మొదలుపెట్టారు. అన్నను పక్క గదిలో దోమతెర కింద పడుకోబెట్టారు. కాళ్ల గాయాల నుంచి ఆ వైరస్ ఒంట్లోకి పోయి ఉంటే, ఆయనను కుట్టిన దోమ దాన్ని ఇంకొకరికి మోయవచ్చు. అదీ చూడాల్సిందేనట. రోజూ రక్తం తీసి వేరే కూనలకు ఎక్కించేవారు.

"పిల్లనియ్యకుంటనే పెండ్లి పందిరేసిన్రు" అన్నాడు అన్న, తెర లోపలినుంచి, చీలిన పెదవులతో.

"నవ్వకు, కుట్లు ఊడుతయ్" అంది వదినె.

కూనలు ఒకదానికొకటి మారకుండా గుర్తు పెట్టే ఉపాయం కూడా ఆయనే చెప్పాడు. వదినె నూలుకద్దే రంగు తెచ్చి, పుల్లతో ఒక్కో కూన వీపు మీద చుక్క పెట్టింది. ఒకటో పెట్టెకు ఎరుపు, రెండో దానికి పసుపు, మూడో దానికి నీలం, అలా కలిపిన రంగులు ఎనిమిది. రోజూ పొద్దునే నేను లోపలికి పోయి, ఊకలో చెయ్యి పెట్టి ఒక్కోదాన్ని ముట్టి లెక్కపెట్టి, వచ్చి తెర పక్కన నిలబడేవాణ్ని.

"ఎన్ని?"

"అరవై నాలుగు."

మూడో రోజు అరవై నాలుగు. ఐదో రోజు అరవై నాలుగు. ఆరో రోజు ఆయనకు ఒళ్లు కాలిపోయే జ్వరం. విరిగిన చెయ్యి చీము పట్టిందో, మరేదో ఎవరూ చెప్పలేకపోయారు. వదినె గంటగంటకూ ఆయన మెడ కింద చెయ్యి పెట్టి ఎత్తి చూసేది, బిగుసుకుందేమోనని. ఆమె ఏం వెతుకుతోందో మా ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు నేను అరవై నాలుగు అని చెప్పినప్పుడు ఆయన నా వైపు ఒత్తిగిలాడు. తర్వాత అన్నాడు, "తమ్మీ, ఒక్కటి సుత సావకపోతే?"

"అప్పుడు మందు మంచిదే అన్నట్టు."

"గదే అంటున్న. మంచి మందును తొక్కినన్నట్టు. గప్పుడు నన్ను వాళ్లకే అప్పజెప్పు. అడ్డం రాకు."

ఏడో రోజు పొద్దున మూడో పెట్టెలో నీలం చుక్క కూన ఒకటి మిగతావాటికి దూరంగా పడి ఉంది. వీపు విల్లులా వెనక్కి వంగి, తలా తోకా దగ్గరయ్యాయి. ముట్టుకుంటే గిలగిలా కొట్టుకుంది. అరచేతిలో పెట్టుకుని తెర దగ్గరికి తీసుకుపోయాను. అన్న తెరకు ముఖం ఆనించి చూశాడు. వదినె ఒక్కసారి చూసి గోడ వైపు తిరిగింది. ఇస్తారి చాప మీద అలాగే వంగాడు.

మేం చూస్తుండగానే అది ఆగిపోయింది.

"ఇగ రాయి" అన్నాడు.

రాశాను. ఇరవై ఒక్క రోజులకు అరవై నాలుగింటిలో పదమూడు. వాటి మెదళ్లు నూరి ఎక్కించిన కూనలు నాలుగు రోజుల్లోనే చచ్చాయి. అన్న రక్తం ఎక్కించినవాటికి ఏమీ కాలేదు. ఆయన జ్వరం తగ్గింది, మెడ బిగుసుకోలేదు. డాక్టరు గారు మిగిలిన టీకా అంతా తన చేత్తో నీళ్లలో మరిగించి పారబోశారు. ఆ రోజు ఆయన నాతో ఒకే మాట అన్నారు. "నేనూ గదిలోకి వెళ్లలేదు లక్ష్మీరాజం. నీ సంతకం చూసి పేడాలు తెప్పించాను."

ఆ వానకాలం గూడెంలో జ్వరం మళ్లీ వచ్చింది. ఐదుగురు పిల్లలు పోయారు. అందులో గంగుబాయి మనవరాలు ఉంది.

ఆమె కేంద్రం గేటు దగ్గరికి వచ్చి కూర్చుంది. రెండు రోజులు కదలలేదు. అన్న మెడకు కట్టిన గుడ్డలో చెయ్యి వేలాడేసుకుని బయల్దేరితే వదినె కొంగు అడ్డం పెట్టింది. "మల్ల కొడ్తది."

"కొట్టనియ్యి."

నేను వెంట పోయాను. ఈసారి పక్కనే నిలబడ్డాను. గంగుబాయి ఆయన చెయ్యి వైపు చూసింది.

"నా పోరి పోయింది. మందు నువ్వే తొక్కినవ్."

"తొక్కిన అవ్వా."

"మంచిది కాదంటివి."

"అరవై నాలుగుల పదమూడు సచ్చినయ్."

"మా గూడెంల అరవైమంది పోరగాండ్లు లేరు బిడ్డా. అయిదుగురు పోయిన్రు." ఆమె వేళ్లు చాపి చూపించింది, తర్వాత ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. "నీ మందేస్తే ఎందరు పోతుండె? నువ్వే చెప్పు."

ఎలుక తలలో గుచ్చితే చచ్చింది కనుక మనిషి చేతికి గుచ్చితే చస్తాడని కాదని, చావడని కూడా చెప్పలేమని డాక్టరు గారు మాకు చెప్పి ఉన్నారు. అది చెప్పమని నేను అన్న మోచేతిని ముట్టాను.

"నాకెరికలేదు అవ్వా" అన్నాడు.

ఆమె లేచి, దుమ్ము దులుపుకుని, బోథ్ బాట పట్టింది. ఆయన గేటు ముందే చాలాసేపు ఉన్నాడు.

రెండేళ్లకు అన్న చొప్పదండి తిరిగి వచ్చేశాడు. కుడిచేత్తో నాడె పట్టలేడు కనుక, ఎడమచేత్తో రాట్నం తిప్పి వదినెకు కండెలు చుట్టి పెట్టేవాడు. ముప్పై ఏళ్లు అదే పని. నూలు తెగినప్పుడల్లా రాట్నం ఆపేసి, రెండు కొసలనూ విడివిడిగా పైకెత్తి పట్టుకుని వదినెను పిలిచేవాడు.

"తెగింది, సూడు."

ఆమె పొయ్యి దగ్గరున్నా, మగ్గం మీదున్నా లేచి వచ్చి చూసేది. "ఆ, సూసిన" అనేది. అప్పుడు గానీ ఆయన ముడి వేయనిచ్చేవాడు కాదు. అదీ పెద్ద ముడి, గుడ్డివాడికి కూడా తగిలేటట్టు.